చల్లబడని పెట్టె

పది కొట్టింది. ఇంకొక్క గంట. పదకొండింటికి వీరరాఘవమ్మగారి మోటారు కాలవగట్టు మీద దుమ్ము లేపుకుంటూ వస్తుంది. ఆవిడ పేరు పెట్టుకున్న ఈ ధర్మాసుపత్రి హాల్లో కుర్చీలు వేస్తారు. సెక్రెటరీ సత్తిరాజుగారు కండువా సర్దుకుని కాగితం చదువుతారు, చదవడం అయ్యాక నన్ను పిలిచి కింద సంతకం పెట్టమంటారు. ఆ కాగితానికి నకలు నిన్న సాయంత్రమే నా చేతికిచ్చారు, ముందుగా చదువుకోమని. ఎంత మర్యాద! "నర్సు జీవరత్నం అను నేను, నా అజాగ్రత్త వలన ఆసుపత్రి రిఫ్రిజిరేటరు చెడిపోవుటకును, అందుచేత టీకా మందు పాడగుటకును బాధ్యురాలనని ఒప్పుకొనుచున్నాను." ఒప్పుకొనుచున్నానట. నేను నోరు తెరవకముందే నా చేత ఒప్పించేశారు. అజాగ్రత్త! పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క సూది ఉడకబెట్టకుండా గుచ్చలేదు, ఒక్క సీసా చీటీ లేకుండా బీరువాలో పెట్టలేదు. ఆ మాట రాసినాయనకి ఈ మందులగది తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా తెలియదు. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే సాయంత్రానికి క్వార్టర్సు ఖాళీ చేయాలి. ఆ రెండో ముక్క డాక్టరుగారు నేల చూస్తూ చెప్పారు.

ఈ గంటలో నేను చేయగలిగిందల్లా ఆ రిఫ్రిజిరేటరు పెట్టె ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడమే. అడుగున కిరసనాయిలు దీపం మండుతోంది. మంట నీలంగా, గుండ్రంగా, చప్పుడు లేకుండా ఉంది, అంచున ఎక్కడా పసుపు లేదు. పొద్దున్న ఆరింటికి వెలిగించాను. తలుపు తెరిచి చెయ్యి పెట్టి చూడాలని ఉంది, కానీ తెరిచిన ప్రతిసారీ ఈ వైశాఖమాసపు వేడి లోపలికి దూరుతుంది. తొమ్మిదింటికి చూసినప్పుడు లోపలి థర్మామీటరు తొంభై రెండు, గదిలో తొంభై ఆరు. నాలుగు డిగ్రీలు! అంతకంటే మట్టికుండ నయం. వద్దు, తెరవకూడదు, పదిన్నర దాకా తెరవకూడదు. కిటికీ బయట కాలవలో ధాన్యం పడవని ఎవరో తాడు కట్టి లాగుతున్నారు, వాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తోంది. లోపల మగవాళ్ళ వార్డులో ఎవరో దగ్గుతున్నారు. హాల్లో తివాచీ దులుపుతున్నారు. అవును, ఆ తివాచీయే. ఆ రోజు కూడా అదే పరిచారు. ఆ రోజు తలుచుకుంటే నా చెవుల్లోంచి ఆవిర్లు వస్తాయి.

ఈ పెట్టె మాఘమాసంలో గూడ్సులో దిగింది. కింద నిప్పు పెడితే పైన మంచు పుడుతుందంటే ఆయా రూతమ్మ నవ్వీ నవ్వీ కూలబడిపోయింది. డాక్టరు నిత్యానందంగారు దానితో వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి, "నీకు ఇంగ్లీషు వచ్చుగా జీవరత్నం, దీని సంగతి నువ్వే చూసుకో," అన్నారు. మా నాన్న గుండుగొలను మిషను బడిలో మాస్టారు. పుస్తకం చేతికొస్తే అట్ట నుంచి అట్ట దాకా చదవాలని నేర్పిన మనిషి. మూడుసార్లు చదివాను. గొట్టాల్లో నవసారపు ఘాటు లాంటి అమోనియా ఉంటుంది. దీపం దాన్ని ఉడికిస్తే ఆవిరై పైకి పోతుంది, వెనకనున్న రేకుల దగ్గర తన వేడి గాలికి వదిలేసి మళ్ళీ నీరవుతుంది, లోపలి గొట్టాల్లోకి దిగి అక్కడి వేడిని తాగేస్తుంది. అంతే. చలిని ఎవరూ తయారు చేయరు, లోపలి వేడిని తీసి బయట పారేస్తారు. ఎంత ముచ్చటేసిందో ఆ రోజు. రెండు నెలలు అది నా చేతిలో బంగారంలా పనిచేసింది. వత్తి కత్తిరించడం, చిమ్నీ తుడవడం, అన్నీ నేనే. టీకా మందున్న గాజుగొట్టాలు తడిగుడ్డలో చుట్టి పై అరలో పెట్టేదాన్ని. వేసవిలో మశూచి మందు బతికుండాలంటే చల్లగా ఉండాలి. బతికున్న మందైతేనే పిల్లల చేతుల మీద పొక్కు లేస్తుంది. పొక్కు లేస్తేనే టీకా పట్టినట్టు. ఈ మూడు ముక్కలు సత్తిరాజుగారికి ఎన్నిసార్లు చెప్పానో.

చైత్రంలో జిల్లా దొరగారికి ఆసుపత్రిలో సన్మానం పెట్టారు. అనాసపండు షర్బత్తు చల్లగా ఇవ్వాలట. పెట్టెని హాల్లోకి తరలించమన్నారు. నేను తలుపుకి అడ్డంగా నిలబడి, "ఇది మందుల కోసమండీ," అన్నాను. "ఒక్క పూటకేగా నర్సమ్మా, నీ మందులు తడిఇసకలో పెట్టుకో. దొరగారు మన రిఫ్రిజిరేటరు చూడద్దా ఏంటి?" అన్నారు సత్తిరాజుగారు. నలుగురు మనుషులొచ్చి దాన్ని పక్కకి పడుకోబెట్టి శవాన్ని మోసినట్టు మోసుకుపోయారు. అయ్యా, పడుకోబెట్టద్దండీ, నిలువుగానే కదపమని పుస్తకంలో ఉందండీ అని వెనకాలే అరుచుకుంటూ పోయాను. ఎవరు వింటారు? నా చేతుల్లో మందుగొట్టాల రేకుడబ్బా. పసిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని వరండాలో నిలబడ్డాను. లోపల చప్పట్లు. దొరగారు రెండు గుటకలు తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. ఆ రెండు గుటకల కోసం! ఆ సాయంత్రం మళ్ళీ పడుకోబెట్టి మోసుకొచ్చి, వెనక రేకులు గోడకి ఆనేలా నెట్టేసి పోయారు. మర్నాటి నుంచి లోపల గదికీ బయట గదికీ తేడా లేదు. దీపం మండుతోంది, కిరసనాయిలు తాగుతోంది, చల్లదనం మాత్రం లేదు.

చెప్పాను. చెప్పలేదనడానికి వీల్లేదు. ఆ రోజే డాక్టరుగారికి చెప్పాను. "చూద్దాం," అన్నారు. రెండోనాడు చెప్పాను. "సెక్రెటరీగారితో మాట్లాడతాను," అన్నారు. బెజవాడ నుంచి రైల్లో ఐసు తెప్పిద్దామండీ అన్నాను. "దానికి కమిటీ అనుమతి కావాలమ్మా," అన్నారు. ఆదివారం ప్రార్థనలో ముందు బెంచీ మీద కళ్ళు మూసుకుని ఎంత భక్తిగా కూర్చుంటారో ఈయన. మంచివాడే, చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకునేదాన్ని. తొమ్మిదో నాడు పిలిచి, కొల్లేటి లంకల టీకాల తేదీ ముందే ఖాయమైపోయింది, కొంగలంక వెళ్ళిరా అన్నారు. "మందు బతికుందో లేదో తెలియదండీ," అన్నాను. "పోయి ఉండదులే. నువ్వు మరీ భయపడతావు. వెళ్ళిరామ్మా." వెళ్ళాను. ఇదీ నన్ను కాల్చేస్తున్న సంగతి. వాళ్ళ కాగితంలో లేని సంగతి. పెట్టె చెడగొట్టింది నేను కాదు, వంద బైబిళ్ళ మీద ప్రమాణం చేస్తాను. కానీ చెడిన పెట్టెలోంచి మందు తీసుకుని బండెక్కింది ఈ కాళ్ళే. వెళ్ళనండీ అనలేకపోయాను. డాక్టరుగారు చెప్పారు కదా అనుకున్నాను. డాక్టరుగారు సెక్రెటరీగారు చెప్పారనుకున్నారు. సెక్రెటరీగారు ఎవరు చెప్పారనుకున్నారు?

బండి దిగాక తాటిదోనె. కొల్లేరు అప్పటికే వెనక్కి పోతోంది, దోనె సగం దూరం నీళ్ళలో, సగం బురదలో. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య గూడబాతులు బరువుగా లేస్తున్నాయి. కొంగలంకలో పద్ధెనిమిది మంది పిల్లలు. నన్ను చూసి అందరూ చేపల బుట్టల వెనక దాక్కున్నారు. తులసి ఒక్కతే ముందుకొచ్చింది. చేపలవేటకెళ్ళే పాపమ్మ కూతురు, అయిదేళ్ళు నిండాయో లేదో. "నొప్పి పుడతాదాండీ?" అంది. "చీమ కుట్టినట్టుంటుంది," అన్నాను. "చీమంటే నాకు బయం లేదండి," అని చెయ్యి చాపింది. దాన్ని చూసి మిగతావాళ్ళు వచ్చారు. ధైర్యమున్న పిల్లని ముందు పెట్టి మిగతావాళ్ళని రప్పించడం నాకు తెలిసిన విద్యే, ఎన్ని ఊళ్ళలో చేశానో. ఎనిమిదో రోజు చూసుకోవడానికి మళ్ళీ వెళ్ళాను. పద్ధెనిమిది చేతులు. ఒక్కదాని మీద పొక్కు లేదు. గీసిన గీతలు మానిపోయి చర్మం నున్నగా ఉంది. వాళ్ళేమో సంబరపడుతున్నారు! "చూడండి నర్సమ్మగారూ, మా పిల్లకి పుండు కూడా పడలేదండి, మీ చెయ్యి మంచిదండి," అని పాపమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ ఎలా తాగానో. ఇది పట్టలేదమ్మా, కొత్త మందు తెచ్చి మళ్ళీ వెయ్యాలి, వారంలో వస్తానని చెప్పాను. వారంలో వస్తానని నా నోటితో చెప్పాను.

వారం కాదు, మూడు వారాలు. కొత్త మందు తెప్పించమని రాస్తే, పాతది ఎందుకు పాడైందో తేలాక చూద్దామని సత్తిరాజుగారు ఆ కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టుకున్నారు. ఈలోగా కొంగలంకలో అమ్మవారు పోసింది. ముగ్గురు పిల్లలకి. నేను వెళ్ళేసరికి తులసికి చెక్కులు ఊడుతున్నాయి. ప్రాణం నిలిచింది. ఎడమకన్ను తెల్లగా అయిపోయింది, ఉడికించిన చేపకన్నులా. మిగిలిన కంటితో నన్ను గుర్తుపట్టి తలతిప్పేసుకుంది. పాపమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "మీరు టీకా వేశారు కదండీ. మరి ఎందుకొచ్చిందండీ?" అంది. అంతే. అంత మర్యాదగా అడిగింది. నా దగ్గర సమాధానం లేక కాదు. నా సమాధానంలో ఒక షర్బత్తు ఉంది, ఒక దొరగారున్నారు, ఒక గోడ ఉంది, ఒక సొరుగు ఉంది. అవన్నీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఎలా చెప్పను? తలొంచుకుని దోనె ఎక్కాను.

పదీ పది. లేచి పెట్టె వెనక్కి చెయ్యి పెట్టాను. ఆగు. వెచ్చగా ఉందా? పై రేకు వెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ చల్లగా పడి ఉన్న రేకు ఇప్పుడు జ్వరం తగిలిన నుదురులా ఉంది. నా అరచేతి వేడేనేమో. రెండో చెయ్యి పెట్టాను. కాదు, రేకుదే. వేడి బయటికి వస్తోందంటే లోపల ఏదో కదులుతోందన్నమాట. సంతోషపడకు జీవరత్నం, ఇంకా సంతోషపడకు.

ఆ మెకానిక్కు సుబ్బరాజు చెయ్యి కూడా పెట్టి చూడలేదు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఇంజన్లు చూస్తాడు, సత్తిరాజుగారికి బావమరిది. మోటారు దిగి, కర్చీపు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలుపు తీసి, వేసి, "గ్యాసు పోయిందండి. వత్తి సరిగ్గా చూసుకోక గొట్టం మాడ్చేశారు. ఇంక పనికిరాదు," అని సర్టిఫికెట్టు రాసిచ్చాడు. ఆడవాళ్ళ చేతికిస్తే యంత్రాలు ఇంతేనండి అని కూడా అన్నాడు, నన్ను చూసి కాదు, నా పక్కనున్న బీరువాని చూసి. గ్యాసు పోయిందట! అమోనియా పోతే ఈ గదిలో మనిషి నిలబడగలడా? నా బీరువాలో చిన్న సీసా ఉంది, సొమ్మసిల్లినవాళ్ళ ముక్కు దగ్గర పెట్టేది. దాని మూత తీస్తేనే కళ్ళు మండుతాయి. నేను గొట్టం గొట్టానికీ ముక్కు ఆనించి వాసన చూశాను. నా ముక్కుని కూడా నమ్మలేదు. మూత్రం పరీక్షకి వాడే ఎర్ర లిట్మసు కాగితం తడిపి ప్రతి అతుకు దగ్గరా పట్టుకున్నాను. అమోనియా ఒక్క బొట్టు కారినా అది నీలం కావాలి. పదిహేడు అతుకులు, పదిహేడు కాగితాలు, అన్నీ ఎర్రగానే ఉన్నాయి. వాటిని కవరులో దాచాను. ఇంత చదువు చదివిన ఆసుపత్రిలో ఒక్కరికీ ముక్కు లేదా?

అప్పటి నుంచీ రోగిని చూసినట్టు చూశాను దాన్ని. మనిషికి జ్వరమైతే గుండె ఒక్కటే చూసి వదిలేస్తామా? తలుపు రబ్బరు సందులో కాగితం ముక్క పెట్టి లాగాను, ఎక్కడా జారలేదు, బిగువుగానే ఉంది. గోడ నుంచి ఇవతలికి జరిపించాను. పళ్ళెంలో అంచుదాకా నీళ్ళు పోసి పెట్టె మీద పెడితే ఒక మూల నుంచి పొర్లాయి. కుడికాలి కింద రాయి లేదు, మోసుకొచ్చినప్పుడే పోయి ఉంటుంది. పెంకుముక్క పెట్టి సమం చేశాను. చిమ్నీలోకి అద్దం పెట్టి చూస్తే లోపల ఉండాల్సిన మెలికల రేకు లేదు. మంటని గొట్టానికి ఆనించి తిప్పేది అదే. అది లేకపోతే వేడి తిన్నగా పైకి ఎగిరిపోతుంది. ఎక్కడుందనుకున్నారు? సన్మానం నాడు హాల్లో ఎవరో మసి తుడవడానికి తీసి పారేస్తే, వంటాయన ఏరుకుని పొయ్యిలో బొగ్గులు కెలుకుతున్నాడు దానితో! "బాగుందండి, మెలికలు తిరిగి పట్టుకి వస్తాదండి," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కడిగి మళ్ళీ పెట్టాను. అన్నీ చేశాను. అయినా చల్లబడలేదు. ఆ రోజు ఈ పీట మీదే కూర్చుని ఏడ్చాను. రూతమ్మ వచ్చి, "పోనీండమ్మగారూ, ఇనపముక్కకి మీకెందుకండీ ఈ ఏడుపు," అంది. ఇనపముక్క కోసం కాదు రూతమ్మా.

తట్టింది ఎప్పుడంటే, మొన్న పొద్దున్న వార్డులో సూది ఎక్కిస్తుంటే. పిచికారీలో గాలిబుడగ చిక్కుకుంది. ఏం చేస్తాం? పన్నెండేళ్ళుగా రోజూ చేసేదే, పిచికారీని తలకిందులుగా పట్టుకుని వేలితో కొడతాం, బుడగ పైకి పోతుంది, మందు కిందికి దిగుతుంది. చెయ్యి అలాగే ఆగిపోయింది. పడుకోబెట్టి మోశారు కదా. రెండుసార్లు. లోపలి నీరు ఉండకూడని గొట్టంలోకి పోయి, ఉండకూడని చోట గాలి చిక్కుకుని ఉంటే? పుస్తకంలో ఇది లేదు. పుస్తకం రాసినవాళ్ళు సత్తిరాజుగారిని చూడలేదు. రూతమ్మనీ, ఆసుపత్రి తోటకి నీళ్ళు తోడే వాళ్ళాయన ఏసుబాబునీ పిలిచాను. గోనెసంచులు పరిచి ముగ్గురం కలిసి పెట్టెని తలకిందులుగా నిలబెట్టాం. "ఇదేం వైద్యమండీ," అన్నాడు ఏసుబాబు. తిప్పుతున్నప్పుడు లోపల గుడగుడమని చప్పుడు వినిపించింది, పాడైన కడుపులా. ఒక పూట తలకిందులు, ఒక పూట నిలువు, మళ్ళీ తలకిందులు. నిన్న పొద్దున్న సరిగ్గా నిలబెట్టి రోజంతా ముట్టుకోలేదు. ఎందుకూ పనికిరాదని సర్టిఫికెట్టు ఉంది కాబట్టి ఎవరూ ఇటు తొంగిచూడలేదు. ఆ సర్టిఫికెట్టు వల్ల కలిగిన మేలు అదొక్కటే.

పదిన్నర. తెరుద్దామా? తలుపు మీద చెయ్యి వేశానో లేదో డాక్టరుగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, చేతిలో టోపీ తిప్పుకుంటూ, "జీవరత్నం, పెట్టేయమ్మా సంతకం. ఊరికే కాగితమేగా. నీ ఉద్యోగానికి నేను పూచీ," అన్నారు. ఊరికే కాగితమట. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. "ఊరికే కాగితమైతే మీరే పెట్టండి," అన్నాను. ఈ పన్నెండేళ్ళలో ఆయనతో అలా మాట్లాడలేదు. ఆయన ముఖం పాలిపోయింది. "కొంగలంక వెళ్ళమన్నది నేనే. నాకు తెలుసు," అన్నారు మెల్లిగా. "తెలిస్తే హాల్లో చెప్పండి. ఇక్కడ నాకు చెబితే ఏం లాభమండీ? నాకు తెలియదా?" ఆయన రెండడుగులు లోపలికి వేశారు. పెట్టె వెనకనుంచి వస్తున్న వేడి తగిలిందేమో, చెయ్యి పెట్టి చూసి, నా వైపు చూసి, వెళ్ళిపోయారు. అప్పుడు తెరిచాను. డెబ్భై నాలుగు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. డెబ్భై నాలుగు! పై అరలో ఇనపగొట్టాల మీద బియ్యప్పిండి చల్లినట్టు సన్నటి తెల్లటి పొర. వేలితో గీస్తే గోట్లోకి మంచు వచ్చింది. నాలుక మీద పెట్టుకున్నాను, చిన్నపిల్లలా. తలుపు వేసేసి, దానికి నుదురు ఆనించి నిలబడ్డాను. సంతోషం రాలేదు. కోపమే ఇంకా పెరిగింది. ఇంత తేలికా? ఒక పెంకుముక్క, ఒక రేకు, రెండు పూటలు తలకిందులు. ఎవరైనా వంగి చూసి ఉంటే ఆ పిల్ల కన్ను దక్కేది.

మోటారు హారను. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. రూతమ్మ వచ్చి, "పిలుస్తున్నారండీ," అంది. హాల్లో వీరరాఘవమ్మగారు నడిమి కుర్చీలో కూర్చున్నారు. సత్తిరాజుగారు కాగితం చదివారు, మెకానిక్కు సర్టిఫికెట్టు చదివారు. గొంతులో ఎంత విచారం! "రిఫ్రిజిరేటరు ఇక పనికిరాదండి," అని ముగించి పెన్ను నా వైపు జరిపారు. నేను పెన్ను ముట్టుకోలేదు. "అమ్మగారూ, సంతకం తరవాతండీ. ముందొకసారి మందులగదిలోకి రండి," అన్నాను. సత్తిరాజుగారు ఏదో అనబోయారు. ఆవిడ అప్పటికే లేచారు. పెట్టె తలుపు నేను తీశాను. ఆవిడ చెయ్యి సగంలో ఆగింది. మా ఇళ్ళల్లో మంచినీళ్ళు ముట్టుకోని మనిషి. నేను పక్కకి తప్పుకోలేదు. ఒక్క క్షణం చూసి, చేతి గాజులు వెనక్కి జరుపుకుని, అరచెయ్యి మంచు మీద ఆనించారు. "అబ్బ!" అన్నారు.

"చూశారాండీ, మా సుబ్బరాజు వచ్చి చెయ్యి పెట్టాడు కదాండీ, ఆ ఫలితమే," అన్నారు సత్తిరాజుగారు. అన్నారు! పనికిరాదని చదివిన నోటితోనే, ఆ కాగితం ఇంకా చేతిలో ఉండగానే. మళ్ళీ అందరం హాల్లోకి వచ్చాక నేను కవరులోంచి పదిహేడు ఎర్ర కాగితాలూ తీసి బల్ల మీద పరిచాను. ఏది ఎందుకు చేశానో ఒకటి తరవాత ఒకటి చెప్పాను. మోసుకెళ్ళడం చెప్పాను, గోడ చెప్పాను, వంటాయన చేతిలో రేకు చెప్పాను, సొరుగులో ఉండిపోయిన నా ఉత్తరం చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ అడ్డుపడలేదు. అంతా విని వీరరాఘవమ్మగారు నా భుజం తట్టబోయి ఆగి, "పోనీలే అమ్మాయ్, పెట్టె బాగైందిగా. నీ తప్పు లేదు. ఆ కాగితం చింపేద్దాం, అందరం మర్చిపోదాం," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అదే నేను తట్టుకోలేకపోయాను. సత్తిరాజుగారి ముఖంలో అప్పుడే ఊపిరి తిరిగింది. డాక్టరుగారు కూడా నిట్టూర్చారు. ఇంత హాయిగా అందరూ ఒడ్డెక్కేస్తే కొంగలంకలో ఆ గుమ్మం సంగతేమిటి?

"చింపద్దండీ," అన్నాను. "నా తప్పు లేదని మీరనద్దండీ. వేరే కాగితం ఇవ్వండి, నేను రాస్తాను." బల్ల దగ్గర నిలబడే రాశాను. పెట్టె ఎవరి మాట మీద కదిలిందో, ఎలా కదిలిందో, చెడిందని నేను ఎన్నిసార్లు చెప్పానో, ఐసు ఎందుకు రాలేదో, మందు కోసం రాసిన ఉత్తరం ఎక్కడ ఆగిందో. ఆఖరి వాక్యం రాయమని ఎవరూ అడగలేదు. అయినా రాశాను. పైకి చదివాను: "మందు చచ్చిపోయి ఉండవచ్చునని తెలిసి కూడా నేను కొంగలంక వెళ్ళి పద్ధెనిమిది మంది పిల్లలకు వేశాను. వెళ్ళనని చెప్పవలసింది, చెప్పలేదు." కింద జీవరత్నం అని సంతకం పెట్టాను. హాల్లో కుర్చీ చప్పుడైంది. డాక్టరుగారు లేచి వచ్చారు. "ఆ పెన్ను ఇలా ఇవ్వమ్మా," అన్నారు. నా పేరు కింద, "వెళ్ళమన్నది నేను" అని రాసి సంతకం చేశారు. సత్తిరాజుగారు పెన్ను వైపు చూడలేదు. "ఇలాంటి చోట నేను పనిచేయలేనండి," అని కండువా దులుపుకుని మెట్లు దిగిపోయారు. ఎవరూ ఆపలేదు. వీరరాఘవమ్మగారు నేను రాసిన కాగితం చూపించి, "దీన్నేం చేస్తావు?" అని అడిగారు.

"కొత్త మందుకి ఇవాళే తంతి ఇప్పించండి. ఇది నేను రేపు కొంగలంక తీసుకెళ్ళి చదువుతానండి."

"కొడతారేమో అమ్మాయ్."

"కొట్టనివ్వండి. పాపమ్మ ఎందుకొచ్చిందని అడిగింది, ఆవిడకి చెప్పాలి. మందొచ్చాక మళ్ళీ వెళతాను. వాళ్ళు పిల్లల్ని చేతులు చాపమంటే వేస్తాను. వద్దంటే, చాపేదాకా రోజూ వెళతాను."